చంద్రిక కలిపిన రంగు

పుత్తూరులో మేం పనిచేసిన ప్రైవేటు స్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. చంద్రిక డ్రాయింగ్ టీచరు. ఇద్దరి ఊరూ నగరి. రోజూ పొద్దున ప్యాసింజరు రైల్లో పక్కపక్కన కూర్చుని వచ్చేవాళ్లం. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. అయినా ఆరేళ్లపాటు ఒకే కిటికీలోంచి బయటికి చూసినవాళ్లం కాబట్టి స్నేహితులమయ్యాం.

డ్రాయింగ్ టీచరు అన్న మాటేగాని ఆమె పిల్లలకు బొమ్మలు నేర్పింది తక్కువ. ఒక్కో తరగతికి వారానికి ఒక పీరియడు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు వచ్చి గుమ్మంలో నిలబడి చాక్‌పీసు పైకెత్తి చూపించేవాడు. పీరియడు తనకిమ్మని అదే అడగడం. చంద్రిక బోర్డు మీద సగం గీసిన బొమ్మ తుడిచేసి స్టాఫ్ రూముకు వచ్చేసేది. ఆమె అసలు పని వార్షికోత్సవానికి తెర మీద నెమలిని వేయడం, థర్మకోలుతో ‘స్వాగతం’ అక్షరాలు కోయడం, సైన్సు ఎగ్జిబిషనుకు పిల్లల పేరుతో చార్టులు గీయడం. ఎవరైనా పెద్దమనిషి స్కూలుకు వస్తున్నాడంటే రెండు రోజుల ముందు నుంచే ఆమె వేళ్లకు ఫెవికాలు అట్టకట్టి ఉండేది.

ఒకరోజు రైలు వేపగుంట దాటుతుండగా ఉన్నట్టుండి అంది.

"మేడం, నేను పని మానేస్తా ఉండాను. తిరుపతిలో ఎం.ఎఫ్.ఏ. సీటొచ్చింది."

బొమ్మల చదువులో డిగ్రీ ఆమెకు ముందే ఉంది. దాని పైది ఈ ఎం.ఎఫ్.ఏ., రెండేళ్లు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఒకటి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తేవాళ్లు ఎత్తి ఎత్తి అలసిపోయి ఊరుకున్నారు.

"ఇప్పుడెందుకే మళ్లీ చదువు?" అన్నాను.

"అది ఉంటే కాలేజీలో లెక్చరరుగా తీసుకుంటారు మేడం. ఆడ డ్రాయింగు పీరియడును ఎవురూ ఎత్తుకపోరు గదా."

నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ ఆరేళ్లలో లెక్కల సారు పట్టుకుపోయిన పీరియడ్లన్నీ ఆమె గొంతులో వినిపించాయి నాకు.

వాళ్ల నాయన వెంకటముని నగరిలో మరమగ్గాల నూలుకు రంగులద్దే షెడ్డులో నలభై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆయన మోచేతుల దాకా ఏ రోజు రంగు ఆ రోజు అంటుకుని ఉండేది. ఈరోడు నుంచి వ్యాపారి వేలెడంత గుడ్డముక్క పంపి సరిగ్గా ఇదే రంగు కావాలంటే, వెంకటముని ఆ ముక్కను ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి పట్టుకుని చూసి, తొట్టిలో ఏది ఎంత వేయాలో నోటితో చెప్పేవాడు. చంద్రిక చిన్నప్పుడు ఆ చెప్పిందంతా నోటుబుక్కులో రాసేది. ఆయనకు చదువు రాదు.

కూతురు మళ్లీ చదువుతానంటే ఆయన వద్దనలేదు. "నీ సేతిలో పనుండాది. దానికి కాయితం కూడా కావల్లంటే పోయి తెచ్చుకో," అన్నాడట.

మొదటి ఏడాది ఆమెకు కష్టంగా గడిచింది. తోటివాళ్లందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. కొందరు ‘అక్కా’ అనేవాళ్లు, కొందరు అలవాటుగా ‘మేడం’ అని నాలుక కరుచుకునేవాళ్లు. వాళ్లు పాత సైకిలు ట్యూబులతో, పగిలిన అద్దాలతో ఏవేవో కట్టి గదుల నిండా వేలాడదీసేవాళ్లు. చంద్రిక చంద్రగిరి కోట వేసింది, శేషాచలం కొండలు వేసింది, మబ్బులు కమ్మిన రాజమహలు వేసింది. అన్నీ చక్కగానే ఉన్నాయి. స్కూలు ఆఫీసు గదిలో తగిలించుకోవడానికి పనికొచ్చేలా ఉన్నాయి. ఆ సంగతి ఆమెకే ముందు తెలిసింది.

పెయింటింగు చెప్పే దేవనాథన్ గారు నెమ్మదస్థుడు. వాళ్లది తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న వైష్ణవ కుటుంబం. ఈయన ఒక్కడే బొమ్మలవైపు వచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆయన చంద్రిక బొమ్మల్ని వదిలేసి, పక్కన పడి ఉన్న ఆమె నోటుబుక్కు తీసి చూశాడు. అందులో ‘ఎండిన చింతపండు: ఎరుపు మూడు, పసుపు రెండు, నీలం చిటికెడు’ అనీ, ‘వాన ముందు కొండ: నీలం నాలుగు, ఇటుకరంగు ఒకటి’ అనీ పేజీలకు పేజీలు రాసి ఉన్నాయి.

"ఇదేమిటమ్మా?"

"రంగు కలుపుకునే లెక్క సార్. మా నాయన మాదిరి రాసుకుంటాను. లేకుంటే మళ్లీ అదే రంగు రాదు."

ఆయన తన ముంజేతిని ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. "దీనికి రాయి, చూద్దాం."

చంద్రిక ఐదు నిమిషాలు చూసి రాసింది. తర్వాత ఆ లెక్క ప్రకారమే రంగు కలిపి, కాగితం మీద చిన్న మచ్చలా వేసి, అంతవరకే కత్తిరించి ఆయన చేతి మీద పెట్టింది. మచ్చ ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియలేదట. దేవనాథన్ గారు ఆ కాగితాన్ని కాసేపు అలాగే ఉంచుకుని, "రెండో ఏడాదికి నువ్వు మనుషుల చర్మాన్ని చదువు. కొండలు ఎక్కడికీ పోవు," అన్నాడు.

అలా ఆమె మళ్లీ నగరి సందుల్లోకే వచ్చింది. ఆ ఎండాకాలమంతా మరమగ్గాల షెడ్లలో చిన్న స్టూలు వేసుకుని కూర్చుని పనివాళ్ల చేతులు వేసింది. ముఖాల్లేవు, ఒళ్లు లేదు, చేతులు మాత్రమే. తెగిన పోగులకు అతుకులు పెట్టేవాళ్లవి, నూలు చిలపల కట్టలు మోసేవాళ్లవి, ఎంత కడిగినా నీలం దిగని వాళ్ల నాయనవి. ప్రతి బొమ్మ కిందా ఆ చేతి రంగు లెక్క రాసింది. ఒకసారి మా ఇంటికొచ్చి, కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా అంది.

"నలభై సేతులేసినాను మేడం. అందురూ నల్లోళ్లే గదా మనోళ్లు. ఒక్క దానికీ నలుపు ట్యూబు మూత తియ్యల్యా."

ఆ నలభైలో ఒకటి దేవకమ్మది. దేవకమ్మ మా వీధి మనిషే. అప్పటికి యాభై రెండేళ్లు. షెడ్డులో కండెలకు నూలు చుడుతుంది. ఇరవై నాలుగో ఏట మగ్గం పళ్లచక్రంలో చెయ్యిపడి కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ మొదటి కణుపు దాకా పోయాయి. వీధిలో ఎప్పుడు ఎదురైనా ఆ చెయ్యి కొంగుకిందే ఉండేది. తీర్థానికి కుడిచెయ్యి చాపాలి కాబట్టి గుడికి వెళ్లడం మానేసింది. ఈ సంగతి పక్కింట్లో ఉన్న నాకే ఎన్నో ఏళ్లకు గాని తెలియలేదు.

చంద్రిక అడిగితే ఎడమచెయ్యి ఇచ్చింది. చంద్రిక దాన్నే రెండు రోజులు వేసింది. మూడోరోజు దేవకమ్మే కుడిచెయ్యి బయటికి తీసి ఒళ్లో పెట్టుకుని, "ఇదీ ఎయ్యి పాపా. ఇదీ నాదే గదా," అంది.

చదువు చివర్లో పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దాయనకు ఈ చేతులేవీ నచ్చలేదు. కాలేజీ హాలు గోడల వెంట ఒక చుట్టు తిరిగి, "రంగుల కంపెనీ వాళ్ల షేడు కార్డులాగా ఉందమ్మా. ఇందులో కళాకారిణిగా నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు. పాసు మార్కులకు కాస్త పైన వేసి వెళ్లిపోయాడు. ఆరోజు ఫోను చేసి, రెండేళ్లు వృథా చేశానేమో అంది. నేను, భోంచేశావా అని అడిగాను.

ఆ బొమ్మలు ఇంకో రెండు రోజులు అదే హాల్లో ఉన్నాయి. ఆఖరిరోజు ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు శ్రీరంజని. తిరుపతిలోనే ఒక ఆస్పత్రిలో, ప్రమాదాల్లో చేతివేళ్లు, చెవులు, ముక్కులు పోయినవాళ్లకు సిలికాను రబ్బరుతో వాటిని తయారుచేయించి పెట్టే విభాగం చూస్తోంది. దేవనాథన్ గారికి దూరపు చుట్టం కాబట్టి మొహమాటానికి వచ్చింది. వచ్చినామె బొమ్మలకంటే వాటికింది లెక్కల్ని ఎక్కువసేపు చదివింది.

"ఇవి చూసి కలిపినవా, ఫొటో పెట్టుకుని కలిపినవా?"

"చూసి కలిపినవే మేడం."

"నా దగ్గర ఒక బీరువా ఉంది. రేపొకసారి వచ్చి చూస్తావా?"

ఆ బీరువా నిండా వేళ్లున్నాయి. మనుషులు కొలతలిచ్చి చేయించుకుని, రెండు రోజులు పెట్టుకుని, తిరిగి తెచ్చి ఇచ్చేసినవి. ఎక్కడో పెద్ద ఊళ్లో మూడే మూడు రంగుల్లో తయారై వచ్చేవి. ఏ చేతికి పెట్టినా ఎవరిదో వేలు తెచ్చి అతికించినట్టు ఉండేవి. "కొలత తప్పు కాదు. రంగు. ఇది డాక్టర్లు చేయగలిగిన పని కాదు," అంది శ్రీరంజని.

చంద్రిక చేసి చూస్తానంది. మొదట నెలరోజులనుకున్నది ఎనిమిది నెలలయింది. మైనంతో వేలు మలచడం, అచ్చు తీయడం, సిలికానులో రంగు పొరలు పొరలుగా కలపడం, చర్మం కింద రక్తం ఉన్నట్టు కనిపించడానికి సన్నటి ఎర్రపోగుల పొడి చల్లడం, అన్నీ కొత్తగా నేర్చుకుంది. చాలా పాడుచేసింది కూడా. మొదట తన చిటికెన వేలికే నకలు చేసుకుంది. గదిలో అచ్చం తనదే అనిపించింది. వరండాలోకి వచ్చి చూస్తే గులాబిరంగు తేలిపోయి, ఎవరో పసిబిడ్డది లాగా ఉంది. మళ్లీ చేస్తే వంకాయరంగు తిరిగింది. అచ్చులో వేడికి ఉడికాక రంగు ఒక పిసరు ముదిరేది. ఎంత ముదురుతుందో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు పాడైన వేళ్లు నాలుగైదు వాళ్ల నాయనకు చూపించింది. వెంకటముని మొదట ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఒకదాన్ని నూలుపోగులా రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"యాడ సూసి కలిపినావు పాపా?"

"గదిలో నాయనా. ట్యూబులైటు కింద."

"తడి నూలును దీపం కింద సూసి ఎవురన్నా రంగు సెప్తారా? ఎండినాంక సూడల్ల. అదీ పొద్దున పూట, నీడపట్టున. నీకు నేర్పించిందే గదమ్మా ఇది."

సోమవారం నుంచి చంద్రిక రంగుల బల్లను ఆస్పత్రి వెనక ఉత్తరపు వరండాలోకి మార్పించింది. పది గంటల తర్వాత ఎవరొచ్చినా రంగు చూడనని, మర్నాడు పొద్దున రమ్మని చెప్పేది. ఆఫీసువాళ్లు విసుక్కున్నారు. శ్రీరంజని మాత్రం సరేనంది.

దేవకమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే. చంద్రిక మూడుసార్లు కబురు చేసినా ఆమె కదలలేదు. "ఈ వయసులో నాకు రబ్బరు ఏళ్లెందుకు ప్రసూనమ్మా, ఎవురు సూడొచ్చినారని?" అనేది. చివరికి ఒకరోజు తనంతట తానే ఉతికిన చీర కట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇడ్లీపిండిలాంటి ముద్దలో రెండు చేతులూ ముంచి అచ్చు తీశారు. రెండోసారి రంగు చూశారు. చంద్రిక ఆమె చేతిని తన చేతిలో పెట్టుకుని, తిప్పి తిప్పి చూస్తూ, చిన్న చిన్న గిన్నెల్లో రంగులు కలుపుతూ రెండు గంటలు కూర్చుంది. అంతసేపు ఎవరో తన చెయ్యి పట్టుకుని కూర్చోవడం దేవకమ్మకు వింతగా ఉంది. మధ్యలో ఒకసారి నావైపు చూసి సిగ్గుగా నవ్వింది.

మూడోసారి వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. పొద్దున ఎనిమిదిన్నర. వరండాలో మేం ముగ్గురం, శ్రీరంజని. చంద్రిక ఆ రెండింటినీ మొండికణుపుల మీదికి తొడుగుల్లా ఎక్కించి, గాలి లేకుండా నొక్కి, వెనక్కి జరిగింది.

నేను అక్కడే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ చెయ్యి నిండుగా ఉంది. ఏవి పెట్టినవో వెతుక్కోవాల్సి వచ్చింది.

దేవకమ్మ చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా, "ఇవి నావి కాదు పాపా," అంది.

చంద్రిక మళ్లీ దగ్గరికి జరిగింది. "రంగు కలవలేదా అత్తా?"

"రంగు సరిగానే ఉండాది. నా ఏళ్లకు ఈ ముడతలు ల్యా. సన్నంగా ఉండె. గోళ్లు ఇంత గరుగ్గా ల్యా. గోరింటాకు పెడితే మా వీధిలో నాకే ఎర్రగా పండుతా ఉండె."

శ్రీరంజని ముందుకు వచ్చి, కావాలంటే నున్నగా, సన్నగా మళ్లీ చేయించవచ్చు అంది. చంద్రిక దేవకమ్మ ఎడమచెయ్యి తీసి కుడిచేతి పక్కన బల్ల మీద పెట్టింది.

"ఈ సేతి ఏళ్లు సూసి అవి సేసినానత్తా."

దేవకమ్మ ఒక చెయ్యి చూసింది, ఇంకోటి చూసింది. ఎడమ చూపుడువేలి కణుపు మీది మడతలు, కుడి చూపుడువేలి కణుపు మీద కూడా ఉన్నాయి. గోటి పక్కన చర్మం ఎండి చిట్లిన గీత కూడా ఉంది.

"అవి ఉండుంటే ఇట్లయ్యుండును," అంది. ఎవరితోనూ కాదు. "నాతోపాటే ముసిలివయ్యుండును గదా."

"అవునత్తా."

"నా మనసులో అవి ఇంగా ఇరవై నాలుగేండ్ల కాడే ఉండాయి పాపా. ఇన్నాళ్లూ వాటినే తలుసుకుంటా ఉండాను."

ఎడమచెయ్యి తీసి ఆ రెండు వేళ్ల మీద కప్పి, అలాగే కూర్చుంది. మేమెవరం ఆమెను లేవమనలేదు.

ఆ వారం చంద్రిక నగరికి వచ్చినప్పుడు అడిగాను, ముడతలెందుకు వేశావని. "రెండు దినాలు ఆలోచించినాను మేడం. వయసు తగ్గించి సేస్తే సంతోషపడతాదేమో అనిపించె. కానీ అప్పుడు సెయ్యి రెండు ముక్కలుగా కనిపిస్తాది గదా. పైగా నేను అబద్ధం ఏసి ఇస్తే దాన్ని మొయ్యాల్సింది ఆమె," అంది.

దేవకమ్మ పనిలోకి వెళ్లేటప్పుడు ఆ వేళ్లు తీసి డబ్బాలో పెడుతుంది. కండెలు చుట్టడానికి ఉన్న మూడు వేళ్లే బాగా అలవాటంటుంది. బస్సెక్కితే, పేరంటానికి వెళితే పెట్టుకుంటుంది. ఒక శనివారం వాటితో గుడికి వెళ్లింది. రబ్బరు వేళ్లతో తీర్థం తీసుకోవచ్చునా అని ముందురోజు నన్నడిగింది. నాకు తెలియదన్నాను. ఆమె ఇంకెవరినీ అడగకుండా వెళ్లి తీసుకుంది. ఒక్క చుక్క కారలేదని వచ్చి చెప్పింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో చంద్రికకు ఒక డిజైను కాలేజీ నుంచి లెక్చరరు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. వెళ్లింది. వాళ్లు తీసుకుంటామన్నారు కూడా. దేనికోసం స్కూలు మానేసి చదువుకు వెళ్లిందో అది చేతికి అందింది. ఆస్పత్రిదేమో ఏడాదికొకసారి పొడిగించే కాంట్రాక్టు పని. ఆమెను ఏ పేరుతో నమోదు చేయాలో తెలియక ఆఫీసువాళ్లు టెక్నీషియనని రాశారు. ఎం.ఎఫ్.ఏ. చేసినామెకు ఆ మాట గుచ్చుకుంది. నాతో అనకపోయినా, రెండు మూడుసార్లు ఆ కాగితం సంచిలోంచి తీసి మళ్లీ లోపల పెట్టడం చూశాను.

వారంరోజులు ఎటూ తేల్చుకోలేక దేవనాథన్ గారి దగ్గరికి వెళ్లింది. ఫలానాది చెయ్యమని ఆయన చెప్పలేదు. "ఆ కాలేజీ పోస్టుకు నువ్వు కాకపోతే ఇంకొకరు దొరుకుతారు. ఇక్కడ నువ్వు కాకపోతే ఆ బీరువా మళ్లీ నిండుతుంది. అయినా అది నీ మెడకు తగిలించుకోవాల్సిన బరువు కాదమ్మా. నీకు ఏది చేస్తుంటే టైము తెలియడం లేదో చూసుకో," అన్నాడు.

ఆమె ఆస్పత్రిలోనే ఉండిపోయింది. కాలేజీకి రానని ఉత్తరం రాసిన రోజు వెంకటముని ఒక్కటే అడిగాడట, అన్నం వేళకు తింటావా అని. ఇప్పుడు ప్రతి శనివారం దేవనాథన్ గారు తన ఎం.ఎఫ్.ఏ. పిల్లల్ని ఆ ఉత్తరపు వరండాకు పంపిస్తున్నాడు. చంద్రిక వాళ్లకు చర్మంలో నీలం ఎక్కడుంటుందో చూపిస్తుంది. ఇద్దరమ్మాయిలు చదువైపోయాక ఇక్కడే పనిచేస్తామని అడుగుతున్నారు. టెక్నీషియను మాట ఇంకా మారలేదు. శ్రీరంజని పైవాళ్లకు రాస్తూనే ఉంది.

అంతా బాగుందని నేను చెప్పను. తనకోసం తాను ఒక బొమ్మ వేసి ఏడాదిన్నర దాటిందని మొన్న చెప్పింది. అద్దె గదిలో కాన్వాసు కట్టి పెట్టుకుందట. సాయంత్రం వచ్చేసరికి కళ్లు అలసిపోయి రంగు కనిపించదట. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, కానీ బెంగ ఉంది.

పోయిన వారం తిరుపతిలో పని ఉండి ఆమె దగ్గరికి వెళ్లాను. సత్యవేడు వైపు నుంచి జయరామ్ అనే చెరుకురైతు వచ్చి కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్లుంటాయి. ట్రాక్టరు బోల్తాపడి ఎడమచెవి పోయింది. తలకు తువాలు చుట్టుకుని ఉన్నాడు. చంద్రిక అతని కుడిచెవిని ఒకవైపు నుంచి, ఇంకోవైపు నుంచి చూసి, గిన్నెలో రంగు మొదలుపెట్టింది. రంగు ఎలా ఉండాలో, జుట్టు కింద ఎంత కనిపించాలో ఓపిగ్గా వివరించింది. ఆయన అంతా విన్నాడు.

"అదంతా మీ ఇష్టం తల్లీ," అని, జేబులోంచి ఒకవైపు దారంతో కట్టిన కళ్లజోడు తీసి చూపించాడు. "పేపరు సదివి ఏడు నెల్లయింది. ఈ జోడు ఆ కొత్త సెవి మీద నిలబడతాదా?"

చంద్రిక కుంచె పక్కనపెట్టి కళ్లజోడు అందుకుంది. దాని కాడను ఆయన కుడిచెవి మీద ఆనించి, అది ఎక్కడ కూర్చుంటుందో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టింది.

"నిలబడతాదన్నా. అట్లనే సేస్తాను," అంది.